గూట్లో పెట్టిన ప్రస్థానం

రాజమండ్రి ఇన్నీసుపేటలో మా వీధికొచ్చి "కనకవల్లి టీచరుగారిల్లు ఎక్కడండీ?" అని అడిగితే ముందు ఓ నవ్వు నవ్వి, తర్వాత దారి చూపిస్తారు. "వీపుకి బియ్యం మూట కట్టుకుని గోదావరి గట్టు మీద నడిచేది, ఆవిడేనా?" అంటారు. ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వేవాళ్ళలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. మిగతా సగం మంది షిర్డీకో కాశీకో వెళ్ళేముందు ఆవిడ చేత రైలుబళ్ళ టైములు రాయించుకున్నవాళ్ళు.

నా పేరు మీనాకుమారి. ఆవిడ ఎదురింట్లో ఉంటాను. ఆవిడ పనిచేసిన బళ్ళోనే సైన్సు చెప్పాను. ఆవిడ గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు గాని, వాళ్ళు నోరు విప్పరు. నేను చెప్పినా నా వంతు కాస్త తగ్గించి చెప్తానేమో. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

కనకవల్లిగారు ఆడపిల్లల హైస్కూల్లో సోషలు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదన్నదానికి మా వీధిలో నాలుగు కథలున్నాయి, నాలుగూ అబద్ధాలే. తండ్రి పోయేనాటికి ఆవిడకి పదకొండేళ్ళు. పన్నెండేళ్ళు పెద్దవాడైన అన్నయ్య కామేశంగారే పెంచి, చదివించి, ఉద్యోగం వచ్చేదాకా వెనకుండి నడిపించారు. ఆయన పురోహితులు. పెళ్ళి ముహూర్తం దగ్గర్నుంచి బోరు వేయించడానికి మంచిరోజు దాకా మా పేటలో ఆయన మాటే మాట. ఆయన భార్య శ్యామలాంబగారు గుండె జబ్బు మనిషి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉండేది ఆ ముగ్గురే.

కామేశంగారు చెడ్డవారని నేననను. చెల్లెల్ని ఒక్కనాడు గట్టిగా కసిరిన పాపాన పోలేదు. కాని ఆ ఇంట్లో ఒక పద్ధతుండేది. పట్టుచీర కొనుక్కోవాలన్నా, పిల్లల్ని తీసుకుని ద్రాక్షారామం విహారయాత్రకి వెళ్ళాలన్నా, ఎలక్షను డ్యూటీ పడ్డా, ఆవిడ అరుగు ముందు నిలబడి "అన్నయ్యా, వెళ్ళనా?" అని అడిగేది. ఆయన పంచాంగం తిరగేసి "వెళ్ళిరా" అనేవారు. కాదన్న సందర్భం నాకు తెలిసి ఒక్కటీ లేదు. అడగని సందర్భమూ లేదు.

తొంభై ఒకటిలో అనుకుంటాను, ఎనిమిదో తరగతికి రైను నది గురించి చెప్తుంటే ఒక పిల్ల లేచి "మీరు చూశారాండీ?" అని అడిగిందట. అడగడానికేం, పిల్లలు ఏదైనా అడుగుతారు. నాలాంటిదైతే "కూర్చోవే" అనేది. ఈవిడకి మాత్రం సిగ్గేసింది. పదిహేనేళ్ళుగా కళ్ళతో చూడని నదులూ, ఎక్కని కొండలూ చూసినట్టే చెప్తున్నాను కదా అనుకుంది. ఆ సాయంత్రమే కోటగుమ్మం దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చి మొదటి పేజీలో యూరపులో తను చూడాల్సిన ఊళ్ళ పేర్లు రాసుకుంది.

ఆ పుస్తకం పదకొండేళ్ళు నడిచింది. ఒకటి కాదు, నిండిపోతే ఇంకోటి, అలా నాలుగు. ఆవిడ ప్లాను మొదలెట్టిన వేళావిశేషమో ఏమో, అక్కడి దేశాలు ఒక్కచోట నిలవలేదు. చెకొస్లొవేకియా రెండు ముక్కలైతే రెండు పేజీలు కొట్టేసి మళ్ళీ రాసింది. ఇంగ్లండుకి సముద్రం కింద సొరంగం పడితే ఓడ తీసేసి రైలు పెట్టింది, తర్వాత ఇంగ్లండే తీసేసింది. అక్కడ చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా చేశారంటే ఎగిరి గంతేసినంత పనిచేసింది. స్టాఫ్‌రూంలో టీచర్లు "ఈ ఏడాది ఎక్కడిదాకా వచ్చారండీ, వియన్నా దాటారా?" అని ఆట పట్టించేవారు. "దాటేశానండీ, పొద్దున్న ఎనిమిదింటికి" అని నవ్వుతూనే జవాబిచ్చేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని వెనక అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

ఆవిడ రాసే పద్ధతి చూడాలి. పేజీకి అడ్డంగా గళ్ళు గీసుకునేది. ఏ బండి, ఎక్కడ ఎక్కాలి, ఎన్నింటికి, ఎక్కడ దిగాలి, రెండో బండికి మధ్యన ఎన్ని నిమిషాలు. చివర ఎర్రసిరాతో ఒక గడి, దాని పేరు 'తప్పితే'. ఈ బండి తప్పితే ఏం చెయ్యాలి, ఆ రెండోదీ తప్పితే ఏం చెయ్యాలి అన్నది అందులో ఉండేది. మ్యూనిక్‌లో పద్నాలుగు నిమిషాలే ఉన్నాయని ఆవిడ రెండు నెలలు దిగులు పడింది, చివరికి వెనక బండి ఒకటి దొరికితే గాని స్థిమితపడలేదు.

మొదట్లో అవన్నీ కాగితం మీది కబుర్లే. రెండువేల సంవత్సరంలో కడియం నుంచి గున్నేశ్వరరావుగారు వచ్చారు. ఆయనకి పూలమొక్కల నర్సరీ ఉంది. ఇద్దరు కూతుళ్ళూ ఈవిడ దగ్గరే చదువుకున్నారు. హాలండులో పూల ప్రదర్శనకి వెళ్ళాలి, ఇంగ్లీషు అంతంతమాత్రం, బళ్ళు మారాలంటే భయం. కనకవల్లిగారు వారం రోజులు కూర్చుని ఆయన ప్రయాణం మొత్తం తెలుగులో రాసిచ్చారు. ఆయన వెళ్ళొచ్చి, యూరపు రైళ్ళ టైంటేబుల్ ఇటుకంత లావుది తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "ఆయ్, మీ కాగితం పట్టుకుని తిరిగానండీ. ఒక్క బండి తప్పితే ఒట్టు!" అన్నారు. ఆ రోజు ఆవిడ మొహం చూస్తే నాకు అర్థమైంది, ఈవిడ ఊరికే రాసుకోవడం లేదు, నిజంగానే వెళ్తుందని.

రెండువేల రెండు వేసవి సెలవులకి అన్నీ కుదిరాయి. చెన్నై నుంచి విమానంలో ఫ్రాంక్‌ఫర్ట్, అక్కణ్ణుంచి రైను ఒడ్డమ్మట రైలు, మ్యూనిక్, వియన్నా, వెనిస్, ఆల్ప్స్ కొండల మీదుగా జూరిక్, ఆఖరికి పారిస్, మళ్ళీ విమానం. పద్దెనిమిది రోజులు, ఐదు దేశాలు. వీసాల కోసం రెండుసార్లు చెన్నై వెళ్ళింది. స్విట్జర్లాండుకి విడిగా ఇంకో వీసా కావాలంటే దానికీ తిరిగింది. వస్తూ వస్తూ కుర్రకారు వీపుకి తగిలించుకునే పెద్ద సంచీ కొనుక్కొచ్చింది. దాంట్లో ఏడు కిలోల బియ్యం పోసుకుని, చీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని, తెల్లారగట్ల కోటిలింగాల రేవు నుంచి పుష్కరాల రేవు దాకా నడక సాధన. యాభయ్యో ఏట. వీధి వీధంతా నవ్వింది. ఆవిడకి పట్టలేదు.

ఈ ప్రయాణానికి మాత్రం ఆవిడ అన్నయ్యని అడగలేదు. టికెట్లు చేతికొచ్చాక అరుగు దగ్గరికెళ్ళి చెప్పింది. "మే మొదటి మంగళవారం సర్కారు ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరుతున్నాను అన్నయ్యా" అంది. కామేశంగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"మంగళవారం ఏం ప్రయాణమే?" అన్నారు.

"విమానం ఆ లెక్కనుంది అన్నయ్యా. మార్చడం కుదరదు."

"సరే అయితే. శుక్రవారం పొద్దున్న తొమ్మిదీ ఇరవైకి బాగుంది. ప్రస్థానం పెట్టుకో."

ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు గనక చెప్తున్నాను. బయల్దేరాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే ఒక మంచి ఘడియ చూసి, మనతో వెళ్ళాల్సిన వస్తువేదైనా పొరుగింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మన వీలునిబట్టి బయల్దేరి, దార్లో ఆ వస్తువు తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఒకసారి పెట్టాక దాన్ని తిరిగి మనింట్లోకి తేకూడదు. మా పెద్దవాళ్ళందరూ అలాగే ప్రయాణాలు చేశారు.

శుక్రవారం ఆవిడ ఒక జిప్పు సంచీలో చీర, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, తాంబూలం పెట్టుకుని మా ఇంటికి బయల్దేరింది. కామేశంగారు ఆపారు. "చీర పెడితే చీరే వెళ్తుంది. నిన్ను దేశం దాటించేదేదో అది పెట్టు" అన్నారు. ఆవిడ నవ్వి, పాస్‌పోర్టూ, విమానం టికెట్టూ, రైలు పాసూ అందులో పెట్టింది. అన్నయ్య తన ప్రయాణంలో చెయ్యి వేస్తున్నాడని సంతోషపడింది కూడా. మా ముందుగదిలో గోడకి గూడుంది. అందులో పెట్టాం. ఆ గూటి కిందే మా అత్తగారి మంచం.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ అడ్డం రాని మనిషి. సోమవారం రాత్రి ఇంత మజ్జిగన్నం తిని పడుకున్నావిడ మంగళవారం తెల్లారి లేవలేదు.

ముందుగా పరిగెత్తుకొచ్చింది కనకవల్లిగారే. మా అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది, నాకు కాఫీ కలిపి ఇచ్చింది, చుట్టాలకి ఫోన్లు చేసింది. ఎండలు మండుతున్నాయని పదకొండింటికల్లా శవాన్ని తీసుకెళ్ళిపోయారు. ఆవిడ ఇంటికెళ్ళి తలస్నానం చేసింది. రెండున్నరకి ఆటో వచ్చి ఆగింది. బండి మూడూ నలభై ఐదుకి. ఆవిడ వీపుకి సంచీ తగిలించుకుని, బూట్లు వేసుకుని మెట్లు దిగింది.

నేను అప్పటికే గూట్లోంచి జిప్పు సంచీ తీసి పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాను. ఆ సంచీకీ ఆవిడకీ మధ్యన వీధి వెడల్పు, అంతే. పది అడుగులుంటాయి.

"ముట్టుకుంటావా దాన్ని?" అన్నారు కామేశంగారు అరుగు మీంచి.

"పాస్‌పోర్టు అందులోనే ఉంది కదా అన్నయ్యా."

"ఉంది. శవం లేచిన ఇంట్లో ఉన్న ప్రస్థానం అది. దాంతో ఎవరూ ఏ ఊరూ వెళ్ళరు. నువ్వు వెళ్తానంటే వెళ్ళు, నేనేం చెయ్యి పట్టుకుని ఆపట్లేదు. మీ వదిన గుండె సంగతి నీకు తెలుసు. రేప్పొద్దున ఈ ఇంటి మీదకి ఏదైనా వస్తే మాత్రం నన్నడక్కు."

శ్యామలాంబగారు పులిహోర డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నారు. "నాకేం కాదు, వెళ్ళిరా" అని ఒక్క మాట అంటే ఆవిడ సొమ్మేం పోయేది? తల వంచుకుని డబ్బా మూత సరిచేసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇక నా సంగతి. నేను గడప దాటబోయాను. కబురు తెలిసి పొద్దున్నే వచ్చిన మా అత్తగారి అక్క, మా పెద్దత్తగారు, లోపల్నుంచి చెయ్యి పట్టుకున్నారు. "మైలలో ఉన్నదానివి, నీ చేత్తో ఇవ్వకే. ఏదైనా జరిగిందంటే మన పేరే చెప్తారు" అన్నారు. నేను బీయస్సీ చదివాను. మైల అంటే ఏంటో, సూక్ష్మక్రిములంటే ఏంటో బళ్ళో రోజూ చెప్పే మనిషిని. అయినా సంచీని గడప మీద పెట్టి ఒకడుగు వెనక్కి వేశాను.

కనకవల్లిగారు నా వైపు చూసింది. అన్నయ్య వైపు చూసింది. ఆటో అతను "టైమవుతోందండీ" అన్నాడు. ఆవిడ వాళ్ళ మెట్ల మీద కూర్చుంది. వీపున సంచీ అలాగే ఉంది. మూడున్నర దాకా చూసి ఆటో వెళ్ళిపోయింది. కామేశంగారు విసనకర్రతో విసురుకుంటూ అరుగు మీదే ఉన్నారు. నాలుగు కావస్తుండగా వంతెన మీద బండి చప్పుడు మొదలైంది. మా వీధికి స్పష్టంగా వినిపిస్తుంది అది. వంతెన పొడుగంతా ఆ చప్పుడు వింటూ కూర్చుని, పూర్తిగా ఆగిపోయాక లేచి, సంచీ దింపి, లోపలికెళ్ళి మర్నాటి దోసెలకి పప్పు నానబోసింది.

నాలుగు పుస్తకాల నిండా 'తప్పితే' అని గళ్ళు గీసింది కదా, మా ఇంటి గూటికి మాత్రం గడి గియ్యలేదు. ఆ విమానం తప్పాక మిగతావన్నీ వరసగా తప్పాయి. వీసా తారీఖులు గడిచిపోయాయి. మర్నాడు పొద్దున్న ఆవిడ మా గడప మీంచి సంచీ తీసుకుని, స్నానమైనా చెయ్యకుండా నేరుగా వాళ్ళింట్లోకి పట్టుకుపోయింది. ప్రస్థానాన్ని వెనక్కి తేకూడదన్న సంగతి, మైలింటి సంచీ అన్న సంగతి కామేశంగారికి అప్పుడు గుర్తు రాలేదు. పేపరు చదువుకుంటున్నారు.

వీధి ఊరుకుంటుందా? అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందన్నారు. "వచ్చే ఏడాది వెళ్దురుగాని అక్కయ్యగారూ" అని నేను నాలుగైదుసార్లు అన్నాను. "చూద్దాంలే మీనా" అనేది. పొద్దుటి నడక మానేసింది. బియ్యం డబ్బాలోకి తిరిగిపోయింది.

జూలైలో ఒకరోజు గున్నేశ్వరరావుగారు బడికి గులాబీ మొక్కలు తెచ్చారు. మేమిద్దరం స్టాఫ్‌రూంలో ఉన్నాం.

"టీచరుగారండీ, ఎలా ఉందండీ యూరపు?" అన్నారు నవ్వుతూ.

"వెళ్ళలేదండీ" అందావిడ.

ఆయన బిత్తరపోయారు. ఆవిడ ఇంకేం చెప్పేలా లేదని నేనే జరిగింది చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన మొహం మారిపోయింది.

"అదేంటండీ! నాకూ అచ్చం అలాగే అయింది కదండీ! హాలండు ఎళ్ళేటప్పుడు మా పక్కింటి చంద్రరావుగారింట్లో ప్రస్థానం పెట్టానండీ. తీరా బయల్దేరే రోజున ఆళ్ళ నాన్నగారు పోయారు. లబోదిబోమంటూ మీ అన్నగారి దగ్గరికే వచ్చాను. 'ఏం ఫర్వాలేదయ్యా, సంచీ మీద పసుపునీళ్ళు చల్లి, నువ్వో నాలుగు చెంబులు పోసుకుని బయల్దేరు, దోషం లేదు' అన్నారండీ. ఎళ్ళొచ్చాను కదండీ, శుభ్రంగా!"

ఆయన వెళ్ళేదాకా నేను ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు. వెళ్ళగానే కుర్చీ తోసుకుని లేచాను.

"విన్నారా? కడియం వాళ్ళకి పసుపునీళ్ళు చాలాయి! సొంత చెల్లెలికి చాల్లేదా? ఇవాళ సాయంత్రం మీ అన్నయ్యగారిని నడివీధిలో నిలబెట్టి అడగకపోతే నా పేరు మీనాకుమారి కాదు."

"కూర్చో మీనా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"అన్నయ్య ఆయనకి ఆ మాట చెప్పినప్పుడు నేను పక్కగదిలోనే ఉన్నాను. ఆయన బళ్ళ టైములే ఆఖరిసారి సరిచూస్తున్నాను. పసుపునీళ్ళ సంగతి విన్నాను."

నాకు ఒక్కక్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం ఆవిడ మీదకి తిరిగింది.

"తెలిసి కూర్చున్నారా? పదకొండేళ్ళండీ! 'అన్నయ్యా, ఆయనకి చెప్పావు కదా, నాకూ చెప్పు' అని అడగడానికేమైంది?"

"అడిగితే చెప్పేవాడు. పసుపు తనే తెచ్చి చెంబులో కలిపేవాడు. నేను అడగాలనే కూర్చున్నాడు." ఆవిడ దిద్దుతున్న పరీక్ష పేపరు మూసి పక్కన పెట్టింది. "ముప్ఫై తొమ్మిదేళ్ళు అన్నీ అడిగే చేశాను మీనా. ఈ ఒక్కటీ అడక్కుండా ఇస్తాడేమోనని చూశాను. బండి వంతెన దాటేదాకా చూశాను."

నేను తోసేసిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. ఆవిడే మళ్ళీ అంది.

"అన్నయ్య ఇవ్వకపోతే పోనీ. నువ్వు సంచీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చావు చూడు, అప్పుడనుకున్నాను, ఇది తెచ్చి నా చేతిలో పెడుతుంది అని. గడప మీద పెట్టేశావు."

"నేను మైలలో ఉన్నాను కదండీ అక్కయ్యగారూ" అన్నాను.

ఆవిడ రిటైరై నాలుగేళ్ళు దాటింది. ఎదురుపడ్డప్పుడల్లా బాగానే పలకరిస్తుంది. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను మాత్రం వీధి తలుపు తీసినప్పుడల్లా, అడిగేవాళ్ళు లేకపోయినా, మైలలో ఉన్నాను కదండీ అనే అనుకుంటున్నాను.